ఓటు పద్ధతి మార్పు సర్పంచ్ ఎన్నికతో మొదలవ్వాలి

2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశానికి 39.17 శాతం ఓట్లు వస్తే 175 సీట్లలో 23 దక్కాయి. 2024లో అదే రాష్ట్రంలో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 39.37 శాతం వస్తే దక్కినవి 11. ఈ రెంటికీ మధ్య 2023లో, తెలంగాణలో 39.4 శాతం తెచ్చుకున్న కాంగ్రెస్ 119లో 64 సీట్లు గెలిచి ప్రభుత్వమే ఏర్పాటు చేసింది. మూడు ఎన్నికల్లోనూ ఓటు వాటా దాదాపు ఒకటే. ఒకచోట అది ఘోర పరాజయమైంది, ఒకచోట అంతకన్నా ఘోరమైంది, ఇంకోచోట అధికారమైంది. ఎవరు ఎవరితో పొత్తు పెట్టుకున్నారు, మిగతా ఓటు ఎన్ని ముక్కలైంది అన్నదే ఫలితాన్ని తేల్చింది.

ఇంత కళ్లెదుట కనిపిస్తున్నా, నియోజకవర్గంలో అందరికన్నా ఎక్కువ ఓట్లొచ్చినవాళ్లే గెలిచే ఈ పద్ధతి మార్చాలని మన దగ్గర గట్టిగా అడిగేవాళ్లు లేరు. పార్టీల సంగతి అర్థమవుతూనే ఉంది. ఈసారి దెబ్బతిన్న పార్టీ వచ్చేసారి ఇదే పద్ధతి తనకు కలిసొస్తుందని ఎదురుచూస్తుంది. 1999లో లా కమిషన్ తన 170వ నివేదికలో లోక్‌సభకూ అసెంబ్లీలకూ 25 శాతం సీట్లు అదనంగా చేర్చి, వాటిని పార్టీల ఓటు వాటా ప్రకారం పంచాలని సిఫార్సు చేసింది. పాతికేళ్లు దాటినా ఏ ప్రభుత్వమూ దాన్ని పట్టించుకోలేదు. కాబట్టి ఒత్తిడి రావాల్సింది ఓటర్ల నుంచే. ఓటర్ల మద్దతు ఎలా పుడుతుంది, ఎక్కడ నిలబడుతుంది, ఎక్కడ కరిగిపోతుంది అన్నది ఊహించుకోనక్కర్లేదు. ఈ ప్రశ్నను ఓటర్లనే సూటిగా అడిగిన దేశాలున్నాయి.

అందులో అందరూ చెప్పే ఉదాహరణ న్యూజిలాండ్. చాలామంది తప్పుగా చదివే ఉదాహరణ కూడా అదే.

అక్కడ 1978లో, మళ్లీ 1981లో లేబర్ పార్టీకి ఎక్కువ ఓట్లు వచ్చాయి, నేషనల్ పార్టీకి ఎక్కువ సీట్లు వచ్చాయి. 1981లో సోషల్ క్రెడిట్ అనే మూడో పార్టీకి 20.7 శాతం ఓట్లు పడితే దక్కిన సీట్లు రెండు. ఆ తర్వాత వేసిన రాయల్ కమిషన్ 1986లో ఎంఎంపీ అనే మిశ్రమ దామాషా పద్ధతిని సిఫార్సు చేసింది. ఓటరు రెండు ఓట్లు వేస్తాడు, ఒకటి నియోజకవర్గ అభ్యర్థికి, ఒకటి పార్టీకి. సభలో పార్టీల మొత్తం బలాన్ని పార్టీ ఓటే తేలుస్తుంది. 1992 సెప్టెంబరులో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టి రెండు ప్రశ్నలు అడిగారు. ఉన్న పద్ధతి ఉంచాలా, మార్చాలా అన్నది మొదటిది. మారిస్తే ఈ నాలుగింటిలో ఏది అన్నది రెండోది. మార్పు వద్దన్నవాళ్లూ రెండో ప్రశ్నకు జవాబివ్వొచ్చు. మార్చాలన్నవాళ్లు 84.7 శాతం, ఎంఎంపీ కావాలన్నవాళ్లు 70.5 శాతం. ఆ ఫలితంతోనే పద్ధతి మారిపోలేదు. 1993 నవంబరులో సాధారణ ఎన్నికతో పాటు, పాత పద్ధతా ఎంఎంపీనా అని తుది ప్రశ్న పెట్టారు. ఎంఎంపీ 53.9 శాతంతో గెలిచింది.

84.7 నుంచి 53.9కి పడిపోయిందంటే ఏడాదిలో జనం మనసు మారిందని రాసేస్తారు. శాతాలు పక్కన పెట్టి ఓట్లు లెక్కపెట్టండి. 1992లో మార్పు కోరినవాళ్లు 10 లక్షల 31 వేలు. 1993లో ఎంఎంపీకి వేసినవాళ్లు 10 లక్షల 32 వేలు. మద్దతుదారుల సంఖ్య చెక్కుచెదరలేదు. మారింది అవతలి పక్షం. 1992లో ఉన్న పద్ధతికి పడినవి లక్షా 86 వేలే, 1993లో 8 లక్షల 85 వేలు. తొలి విడతలో పోలింగ్ 55 శాతం మాత్రమే. ఆ రోజు ఇంట్లో కూర్చున్నవాళ్లు రెండోసారి ఎలాగూ సాధారణ ఎన్నిక ఉంది కాబట్టి పోలింగ్ కేంద్రానికి వచ్చారు, వచ్చినవాళ్లలో ఎక్కువమంది అలవాటైన పద్ధతివైపే మొగ్గారు. మార్పు ఖాయమవుతుందన్న భయం, వ్యాపార వర్గాల అండతో డబ్బు పోసి నడిపిన వ్యతిరేక ప్రచారం కూడా తోడయ్యాయి. సభ్యుల సంఖ్య 99 నుంచి 120కి పెరుగుతుందన్న అంశం ఆ ప్రచారానికి మంచి ఆయుధమైంది.

సర్వేల్లో కనిపించే మద్దతును ఈ లెక్కతోనే చదవాలి. ఓటు పద్ధతి మార్చాలా అని అడిగితే ముందుగా, ఉత్సాహంగా జవాబిచ్చేది పట్టింపు ఉన్నవాళ్లు. పట్టింపు లేనివాళ్ల మౌనాన్ని సమ్మతి కింద జమ కట్టుకుంటే, అసలు ఓటు రోజున వాళ్లంతా యథాతథ స్థితి వైపు నిలబడతారు. న్యూజిలాండ్‌లో మార్పు గెలిచిందంటే మొదటి విడతలో తెచ్చుకున్న ఆధిక్యం అంత పెద్దది. అది 60 శాతం దగ్గర మొదలై ఉంటే తుది విడతలో ఓడిపోయేది.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో సరిగ్గా ఆ 60 శాతమే అడ్డుగోడైంది. అక్కడ 2004లో 79 నియోజకవర్గాల నుంచి ఒక్కో స్త్రీ, ఒక్కో పురుషుడు, ఆదివాసీల తరఫున మరో ఇద్దరు, మొత్తం 160 మంది మామూలు పౌరుల్ని లాటరీలో ఎంచి ఒక పౌరసభ పెట్టారు. వాళ్లు నెలల తరబడి చదివి, విని, ఒకే నియోజకవర్గం నుంచి పలువురు సభ్యులు ప్రాధాన్య ఓటుతో, అంటే ఓటరు అభ్యర్థులకు 1, 2, 3 అని వరుస ఇచ్చే ఓటుతో గెలిచే ఎస్టీవీ పద్ధతిని 146–7 ఓట్లతో సిఫార్సు చేశారు. 2005లో ప్రజలు దానికి 57.7 శాతం మద్దతిచ్చారు. 79లో 77 నియోజకవర్గాల్లో మెజారిటీ వచ్చింది. కానీ ప్రభుత్వం పెట్టిన గీత 60 శాతం. అలా ఆగిపోయింది. 2009లో మళ్లీ అడిగితే మద్దతు 39 శాతానికి దిగిపోయింది.

నాలుగేళ్లలో ఏమైంది? 2005లో ఓటర్లకు ఎస్టీవీ లెక్కింపు పెద్దగా తెలియదు. తమలాంటి మామూలు మనుషులు కూర్చుని తేల్చారన్న నమ్మకమే చాలామందికి ఆధారం. 2009 నాటికి పౌరసభ జ్ఞాపకం వెనక్కి పోయింది. దాని చోట్లో కొత్త నియోజకవర్గాల పటం ముందుకొచ్చింది. ఉత్తరాన పలు సీట్లు కలిపేసిన విశాలమైన ప్రాంతాలు అందులో కనిపించాయి. మా ఎమ్మెల్యే ఎక్కడుంటాడు అన్న ప్రశ్నకు ఎస్టీవీ పక్షం దగ్గర ఒక్క మాటలో చెప్పగల జవాబు లేదు. 2018లో మూడోసారి అడిగినప్పుడు పొరపాటు ఇంకోరకం. మూడు పద్ధతుల్ని ముందు పెట్టారు, వాటిలో రెండు ప్రపంచంలో ఎక్కడా వాడనివి, పైగా హద్దులూ సీట్లూ వంటి వివరాలు చాలావరకు గెలిచాక చూద్దాం అన్నారు. 61.3 శాతం పాత పద్ధతే చాలన్నారు. గుడ్డిగా చెక్కు మీద సంతకం ఎవరు పెడతారు? ఆ ఓటర్లను తప్పుపట్టలేం.

బ్రిటన్‌లో 2011లో మార్పు ఓడిపోయిన కారణం ఇంకా సూటిది. పొత్తు ప్రభుత్వంలోని చిన్న పార్టీ లిబరల్ డెమొక్రాట్లు కోరుకున్నది దామాషా పద్ధతి, అంటే ఓటు వాటాకు తగ్గట్టు సీట్లు. పొత్తు బేరంలో దక్కింది ఒకే సభ్యుణ్ణి ప్రాధాన్యాలతో ఎన్నుకునే పద్ధతి. దాన్ని మనసారా కోరుకున్నవాళ్లే లేరు. పైగా విశ్వవిద్యాలయ ఫీజుల పెంపుతో ఆ పార్టీ మీద జనం మండిపడుతున్న ఏడాది అది. 67.9 శాతం వద్దన్నారు. ప్రజలు పద్ధతి గుణదోషాలు తూచి కొట్టేశారని ఆ ఫలితం నుంచి తేల్చడం తొందరపాటు.

ఇప్పుడు రెండో వైపు చూడాలి. ఈ పద్ధతుల్ని ఇప్పటికే వాడుతున్నవాళ్లను వదిలేస్తారా అని అడిగితే ఏమన్నారు? ఐర్లండ్‌లో ప్రభుత్వమే ఎస్టీవీని తీసేయాలని రెండుసార్లు ప్రయత్నించింది. 1959లో అధ్యక్ష ఎన్నిక రోజునే ఆ ప్రశ్నా పెట్టారు. ఓటర్లు అధికార పార్టీ నేత డి వలేరాను అధ్యక్షుణ్ణి చేశారు, అదే రోజు ఆయన పార్టీ తెచ్చిన ప్రతిపాదనను 51.8 శాతంతో తిప్పికొట్టారు. 1968లో మళ్లీ అడిగితే వద్దన్నవాళ్లు 60.8 శాతం. న్యూజిలాండ్ 2011లో ఎంఎంపీ ఉంచాలా అని అడిగితే 57.8 శాతం ఉంచమన్నారు. అంటే ఐదు ఎన్నికలు దానితో గడిపాక, 1993 కన్నా మద్దతు పెరిగింది. అమెరికాలో మెయిన్ రాష్ట్రం ప్రాధాన్య ఓటును 2016లో సుమారు 52 శాతంతో తెచ్చుకుంది, 2018లో సుమారు 54 శాతంతో నిలబెట్టుకుంది. అలాస్కాలో 2024లో రద్దు ప్రతిపాదన మూడు లక్షల పైచిలుకు ఓట్లలో 750 లోపు తేడాతో వీగిపోయింది. అదే రోజు ఈ పద్ధతి వాడని ఆరెగాన్, కొలరాడో, ఐడహో, నెవాడాలు కొత్తగా తెచ్చుకోవడానికి ఒప్పుకోలేదు.

ఎదురు ఉదాహరణ లేదని కాదు. వెర్మాంట్‌లోని బర్లింగ్టన్ నగరంలో ప్రాధాన్య ఓటుతో జరిగిన 2009 మేయర్ ఎన్నికలో, మిగతా ఎవరితో ముఖాముఖి పోటీ పెట్టినా గెలవగల అభ్యర్థి మొదటి ప్రాధాన్యాలు తక్కువై మధ్యలోనే ఎలిమినేట్ అయ్యాడు. మరుసటి ఏడాదే ఓటర్లు ఆ పద్ధతిని రద్దు చేశారు. అయినా 2021లో నగర కౌన్సిల్ ఎన్నికలకు దాన్నే మళ్లీ తెచ్చుకున్నారు. మొత్తం మీద కనిపించేది ఇది: మద్దతు వాదనతో పుట్టినా, గట్టిపడేది వాడకంతోనే. కొత్త పద్ధతి ముందు రాష్ట్రమంతా ఒప్పుకుంటే తప్ప మొదలుపెట్టలేని చోట అది ఎప్పటికీ మొదలుకాదు. చిన్నచోట వాడుకలోకి తేగలిగితే వాదన సగం తీరిపోతుంది.

మన దగ్గర ఆ చిన్నచోటు ఏది? చాలామంది పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికను చూపిస్తారు. నిజమే, ప్రాధాన్య ఓటు తెలుగువాళ్లకు కొత్త కాదు. 1969 రాష్ట్రపతి ఎన్నికలో మొదటి ప్రాధాన్యాలతో వి.వి. గిరికి 4,01,515, నీలం సంజీవరెడ్డికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769 ఓటు విలువలు వచ్చాయి. గెలుపు కోటా 4,18,169. దేశ్‌ముఖ్‌తో సహా కిందివాళ్లు ఎలిమినేట్ అయ్యాక వాళ్ల బ్యాలెట్లలోని తర్వాతి ప్రాధాన్యాల్లో అత్యధికం సంజీవరెడ్డికే వెళ్లాయి. అయినా చివరికి గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. మొదటి లెక్కలో ఎనభై ఎనిమిది వేలున్న తేడా పదిహేను వేల లోపుకు దిగింది. రెండో ప్రాధాన్యానికి ఎంత బలముందో చెప్పడానికి ఇంతకన్నా మంచి లెక్క దొరకదు.

కానీ ఎమ్మెల్సీ ఎన్నిక ఈ పద్ధతికి మంచి పేరు తేవడం లేదు, చెడ్డపేరు తెస్తోంది. 2021లో నల్లగొండ–ఖమ్మం–వరంగల్ స్థానంలో 71 మంది, హైదరాబాద్–రంగారెడ్డి–మహబూబ్‌నగర్‌లో 93 మంది పోటీ చేశారు. దినపత్రికంత జంబో బ్యాలెట్, జంబో బాక్సులు. గుర్తులుండవు. పోలింగ్ అధికారి ఇచ్చిన ఊదారంగు స్కెచ్ పెన్‌తో మాత్రమే అంకె వేయాలి. ‘1’ లేకుండా ‘2’ వేసినా, ఇద్దరికి ‘1’ వేసినా, అంకెకు బదులు ‘ఒకటి’ అని అక్షరాల్లో రాసినా, టిక్ పెట్టినా ఓటు చెల్లదు. రెండు చోట్లా చెల్లని ఓట్లు 20 వేలు దాటాయి. నల్లగొండ లెక్కింపు నాలుగు రోజులు సాగింది. కిందినుంచి ఒక్కొక్కరినే తీసేస్తూ, వందల్లో ఓట్లొచ్చిన అభ్యర్థి కట్టను కూడా విప్పి, మళ్లీ పంచి, మళ్లీ కూడారు. చదువుకున్నవాళ్లకే ఓటు వేయడం రాలేదని నవ్వారు. తప్పు ఆ ఓటర్లది కాదు. ఏళ్లుగా ఈవీఎం మీద బటన్ నొక్కిన చేతికి ఆరేళ్లకోసారి 93 పేర్ల కాగితం ఇచ్చి, తేడా వస్తే క్షమించని నియమం పెట్టినవాళ్లది.

ఇదే పద్ధతి వాడే స్కాట్లండ్ స్థానిక ఎన్నికల్లో ఒకే ఒక్క ‘ఎక్స్’ గుర్తు పెడితే దాన్ని మొదటి ప్రాధాన్యంగా లెక్కేస్తారు, ఉద్దేశం స్పష్టంగా ఉంటే చాలు. 2007లో అక్కడ పార్లమెంటు ఎన్నిక, స్థానిక ఎన్నిక ఒకే రోజు జరిగాయి. స్థానిక ఎన్నికలో అంకెలు వేయడం ఓటర్లకు అదే మొదటిసారి, అయినా చెల్లనివి 1.83 శాతమే. అలవాటైన ‘ఎక్స్’ గుర్తు పెట్టాల్సిన పార్లమెంటు నియోజకవర్గ ఓటులో 4 శాతం దాటాయి, ఎందుకంటే రెండు ఓట్లను ఒకే కాగితం మీద పక్కపక్కన ముద్రించారు. జనాన్ని తికమక పెట్టింది అంకెలు కాదు, బ్యాలెట్ అచ్చు వేసిన తీరు.

అందుకే మొదలుపెట్టాల్సిన చోటు సర్పంచ్ ఎన్నిక. చట్టం దగ్గర్నుంచి చూద్దాం. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల పద్ధతి మార్చాలంటే పార్లమెంటు కదలాలి. సర్పంచ్ విషయంలో, గ్రామ పంచాయతీ అధ్యక్షుణ్ణి రాష్ట్ర శాసనసభ చట్టంలో చెప్పిన రీతిలో ఎన్నుకోవాలని రాజ్యాంగంలోని 243సి అధికరణం ఐదో క్లాజు అంటోంది. అంటే హైదరాబాద్‌లో, అమరావతిలో చేసే చట్టం చాలు. ఎన్నిక ఒకే పదవికి, పార్టీ గుర్తులు లేకుండా, కాగితం బ్యాలెట్ మీదే జరుగుతోంది. లెక్కింపు ఊళ్లోనే, అదే రోజు. అభ్యర్థులు సాధారణంగా ఏడెనిమిది మందికి మించరు.

అంకెలు వేయమనకూడదు. 1949 జనవరిలో రాజ్యాంగ సభలో దామాషా సవరణ వచ్చినప్పుడు, ఓటర్లందరికీ కనీసం అంకెలు గుర్తించి కాగితం మీద వేసేంత చదువుండాలి, అది మన దేశంలో లేదు అని అంబేద్కర్ అభ్యంతరం చెప్పారు. అప్పటికన్నా ఇప్పుడు అక్షరాస్యత బాగా పెరిగింది కానీ, ఒక్క పెద్దావిడ ఓటు కూడా అంకె రానందుకు పోకూడదు. లండన్ మేయర్‌ను 2000 నుంచి 2021 వరకు ఎన్నుకున్న తీరు ఇక్కడ పనికొస్తుంది. గుర్తుల పక్కన రెండు నిలువు గడులు, మొదటి ఎంపికకు ఒకటి, రెండో ఎంపికకు ఒకటి. ఇప్పుడు వాడే ముద్రనే ఒక్కో గడిలో ఒక్కోసారి వేయాలి. గడుల రంగులు వేరుగా ఉండాలి. రెండో గడి ఖాళీగా వదిలినా మొదటి ఓటు చెల్లాలి. ఒకే ముద్ర రెండో గడిలో మాత్రమే పడితే దాన్నే మొదటి ఎంపికగా తీసుకోవాలని నియమంలోనే రాయాలి.

లెక్కింపు ఇలా ఉంటుంది. ఊళ్లో 1,600 ఓట్లు, ఐదుగురు అభ్యర్థులు అనుకుందాం. కత్తెరకు 560, ఉంగరానికి 520, బ్యాటుకు 300, ఫుట్‌బాల్‌కు 150, లేడీ పర్సుకు 70. సగం కన్నా ఒకటి ఎక్కువ, అంటే 801 ఎవరికీ రాలేదు. ఇప్పటి పద్ధతిలో కత్తెర గెలిచేసినట్టే, 1,040 మంది వేరేవాళ్లకు వేసినా సరే. కొత్త పద్ధతిలో పై ఇద్దరు ఉంటారు, మిగతా ముగ్గురి 520 బ్యాలెట్లు మాత్రమే మళ్లీ తీసి రెండో గడి చూస్తారు. ఉంగరానికి 260, కత్తెరకు 150 పడ్డాయి, 110 ఖాళీగానో పోటీలో లేనివాళ్లకో ఉన్నాయి అనుకుంటే ఉంగరం 780, కత్తెర 710. ఒక్క రౌండు, గంట పని. 780 కూడా 1,600లో సగం కాదు. రెండో ఎంపిక వేయని ఓట్లు ఎక్కువైతే ఇలాగే అవుతుంది, ఈ పద్ధతి ప్రతిసారీ నిజమైన మెజారిటీ తెస్తుందని చెప్పడం తప్పు.

ఆ ఖాళీ గడులే ఈ పద్ధతికి అసలు ప్రమాదం. 2024 సెప్టెంబరులో శ్రీలంక అధ్యక్ష ఎన్నిక మొదటిసారిగా రెండో లెక్కకు వెళ్లింది. పోటీలోంచి తప్పుకున్న అభ్యర్థులకు పడిన ఓట్లు సుమారు 33 లక్షలు. అందులో చివరి ఇద్దరికీ కలిపి బదిలీ అయినవి 2 లక్షల 73 వేలే. 1982 నుంచి నియమం ఉన్నా ఒక్కసారీ అవసరం పడకపోవడంతో ఓటర్లకు అలవాటు కాలేదు, పార్టీలు కూడా మాకు ఒక్క గుర్తు పెడితే చాలని చెబుతూ వచ్చాయి. మన ఊళ్లలోనూ అభ్యర్థులు ‘రెండో గడి ముట్టుకోవద్దు’ అంటారు. దానికి విరుగుడు గ్రామసభలో నమూనా బ్యాలెట్‌తో లెక్కింపు చేసి చూపించడమే. రెండో ఎంపిక మీ మొదటి అభ్యర్థికి ఎప్పుడూ హాని చేయదు, అతను పోటీలో ఉన్నంతవరకు దాన్ని తెరిచి చూడరు అన్న ఒక్క మాట ప్రతి ఓటరుకూ చేరాలి.

డబ్బు సంగతి కూడా దాచకూడదు. ఎక్కువ ప్రాధాన్యాలు వేసే బ్యాలెట్లలో ఒక చిక్కుంది. పేర్లను ఫలానా వరుసలో వేయమని చెప్పి, లెక్కింపులో ఆ వరుస కనబడితే డబ్బు తీసుకున్నవాడు మాట నిలబెట్టుకున్నాడని తెలుసుకోవచ్చు. పది మంది అభ్యర్థులుంటే వరుసలు లక్షల్లో ఉంటాయి, ఒక్కో ఓటరుకు ఒక్కో సంతకంలా. రెండు గడులే ఉంటే, ఐదుగురు అభ్యర్థులకు ఖాళీతో కలిపి వచ్చే రకాలు పాతిక ముప్పై మాత్రమే. వందల బ్యాలెట్ల మధ్య అది ఎవరినీ పట్టివ్వదు. అయితే వార్డువారీగా విడివిడిగా చూస్తే అరవై డెబ్బై ఓట్ల వార్డులో పట్టివ్వొచ్చు. కాబట్టి సర్పంచ్ బ్యాలెట్లు అన్ని వార్డులవీ ఒకే చోట కలిపాకే తెరవాలన్నది ఈ చట్టంలో తప్పనిసరి నిబంధన కావాలి.

ఊరు కులాలవారీగా, వాడలవారీగా చీలి ఉన్నచోట ఇప్పుడు అభ్యర్థికి సొంతవాళ్ల 35 శాతం చాలు. రెండో గడి ఉంటే అవతలి వాడకు వెళ్లి ‘మొదటి ఓటు మీవాడికే వేసుకోండి, రెండోది నాకివ్వండి’ అని అడగక తప్పదు. అడిగినవాడు గెలిచాక ఆ వాడలో వీధి లైటు వేయించకుండా ఉండటం కష్టం. రాష్ట్రమంతా ఒకేసారి అక్కర్లేదు. ఒక విడతలో కొన్ని మండలాల్లో మాత్రమే, చట్టంలో ముందే రాసుకున్న గడువుతో, రెండు సర్పంచ్ ఎన్నికలకు వాడి చూడాలి. ఆ తర్వాత అవే గ్రామసభల్లో కొనసాగించాలా అని అడగాలి. చెల్లని ఓట్లు ఎన్ని, రెండో గడి వాడినవాళ్లు ఎందరు, మొదటి లెక్కలో ముందున్నవాళ్లు ఓడిన ఊళ్లు ఎన్ని అన్న మూడు లెక్కలు ఎన్నికల సంఘం ప్రతి పంచాయతీకీ ప్రకటించాలి. ఇప్పుడు సర్పంచ్ ఫలితాల్లో ఎక్కువగా జనానికి చేరేవి గెలిచినవారి పేరు, మెజారిటీనే. మొదటి పని ఆ పట్టికకు ఈ మూడు గడులు చేర్చించడం.